తెలియని వాళ్లతో అడ్వెంచర్ ట్రిప్: హైదరాబాద్ నుంచి బయల్దేరే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

శుక్రవారం రాత్రి పదింటికి అమీర్‌పేట మెట్రో కింద, మియాపూర్‌లో, ఎల్బీనగర్ దగ్గర వీపున బ్యాగులు తగిలించుకుని టెంపో ట్రావెలర్ కోసం ఎదురుచూసేవాళ్లు కనిపిస్తారు. పక్కపక్కనే నిలబడతారు, పలకరించుకోవాలా వద్దా అని ఆలోచిస్తుంటారు. నేనూ చాలా ఏళ్లు అలా నిలబడ్డాను. మొదట్లో మామూలు సభ్యుడిగా వెళ్లేవాణ్ణి, తర్వాత కొన్ని ట్రెక్‌లకు వాలంటీర్‌గా లీడర్ పక్కన నడిచాను. కొత్తవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు, వాళ్లకు నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఒక్కరు కూడా తెలియని గ్రూప్‌తో వెళ్లడం అసలు మంచి ఆలోచనేనా?

మంచి ఆలోచనే. నా దగ్గరి స్నేహితుల్లో చాలామంది ఇలాంటి బండ్లలో పరిచయమైనవాళ్లే.

ఇంట్లోవాళ్ల భయం ఒకటే: "వాళ్లెవరో, ఎలాంటివాళ్లో". అందులో తప్పేమీ లేదు. కానీ నేను దగ్గరగా చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం చెడ్డవాళ్ల వల్ల రాలేదు. "ఎవరో ఒకరు చూసుకునే ఉంటారులే" అని అందరూ అనుకోవడం వల్ల వచ్చాయి. సొంత స్నేహితులతో వెళ్తే "ఒరేయ్, నీళ్లు పెరుగుతున్నాయి, వద్దురా" అని మొహం మీదే అనేస్తాం. తెలియనివాళ్ల మధ్య మొహమాటం అడ్డొస్తుంది. ఇరవై మంది దాటుతుంటే నేనొక్కడినే ఆగిపోతే ఏమనుకుంటారో అని నోరు మెదపం. లీడర్‌కి అన్నీ తెలుసులే అనుకుంటాం. ఎవరూ ఏమీ అనడం లేదు కదా, అందరికీ ఓకే అని లీడర్ అనుకుంటాడు. ముందుగా వదిలించుకోవాల్సింది ఈ మొహమాటాన్నే. కింద చెప్పే చాలా విషయాలు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి.

డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలి?

రీల్ చూసి డబ్బు కట్టొద్దు. ముందు ఫోన్ చేసి మాట్లాడండి. వాళ్లు జవాబు చెప్పే తీరులోనే సగం సంగతి తెలిసిపోతుంది.

లీడర్ పేరేమిటి, ఆ దారిలో అంతకుముందు ఎన్నిసార్లు నడిచాడు అని అడగండి. "మా టీమ్‌కి బాగా అనుభవం ఉంది" అనే మాట చాలదు. ఆ రోజు మీతో వచ్చే మనిషి ఎవరో తెలియాలి. ఎంతమందికి ఒక లీడర్ అని అడగండి. నలభై మందిని ఇద్దరు కుర్రాళ్లకు అప్పగించే ట్రిప్పులు మన ఊళ్లో చాలానే జరుగుతున్నాయి. అలాంటివాటికి నేనైతే వెళ్లను. పన్నెండు, పదిహేను మందికి ఒకరు ముందు, ఒకరు చివర ఉంటేనే నాకు ధైర్యం. చివర నడిచే మనిషి ఉంటాడా అన్నది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

కారణం చెప్తాను. నా రెండో ట్రెక్‌లో చివర ఎవరినీ పెట్టలేదు. దిగేటప్పుడు ఒకమ్మాయి మోకాలు నొప్పితో వెనకబడింది. ముందున్నవాళ్లు కిందికి చేరి టీ తాగుతుండగా నేను తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ వచ్చింది. అప్పటికే చీకటి పడింది. స్థానికుడైన ఒక పశువుల కాపరి, నేను కలిసి వెనక్కి వెళ్తే, గంట తర్వాత ఒక బండ మీద ఏడుస్తూ కనిపించింది. ఫోన్‌లో చార్జింగ్ లేదు, టార్చ్ లేదు. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. మనం చేసిన తప్పు ఏమిటని ఆ రాత్రి లీడర్‌ని అడిగితే "అందరూ కలిసే ఉన్నారనుకున్నా" అన్నాడు.

ఇంకో ప్రశ్న: వాతావరణం బాగోలేకపోతే ఏం చేస్తారు? "ఏమైనా సరే వెళ్తాం బ్రో, వర్షంలోనే మజా" అనే జవాబు వస్తే ఫోన్ పెట్టేయండి. వాయిదా వేస్తాం, లేదా వేరే చోటికి మారుస్తాం అని చెప్పేవాళ్లే మీకు కావాల్సినవాళ్లు.

లీడర్‌కి నిజంగా అర్హత ఉందని ఎలా తెలుసుకోవాలి?

వికారాబాద్ అనంతగిరి కొండల్లో ఒక పూట నడకకు పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు. దారి తెలిసి, ఫస్ట్ ఎయిడ్ తెలిసి, ఓపిక ఉంటే చాలు. తాడు కట్టుకుని బండ ఎక్కాలన్నా, మంచులో నడవాలన్నా సంగతి వేరు. మనాలి, ఉత్తరకాశీ, డార్జిలింగ్, పహల్గామ్‌లలో ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలు ఉన్నాయి. అక్కడ బేసిక్, అడ్వాన్స్ కోర్సులు నేర్పుతారు. ఏ కోర్సు చేశారు, ఏ గ్రేడ్ వచ్చింది అని అడగడం అవమానించడం కాదు. చేసినవాళ్లు సంతోషంగా చెప్తారు.

మన దగ్గర భువనగిరి కోట బండ రాక్ క్లైంబింగ్ శిక్షణకు పేరున్న చోటు. 2014 మేలో 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండల మీదే. హైదరాబాద్ నుంచి గంటన్నర ప్రయాణం. తాడు, హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించే పట్టీ), హెల్మెట్ అంటే ఏమిటో ఒక్కరోజు అక్కడ తెలుసుకుని వస్తే, తర్వాత ఏ ట్రిప్‌కి వెళ్లినా ఎవరు సరిగ్గా చేస్తున్నారో మీకే కనిపిస్తుంది.

అడ్వాన్స్ కట్టాక మోసపోకుండా ఉండాలంటే?

సంస్థ పేరు ఒకటి, యూపీఐలో కనిపించే పేరు ఇంకొకటి అయితే ఆగండి. మొత్తం డబ్బు ముందే అడిగితే ఆగండి. "ఇంకా రెండే సీట్లు, పది నిమిషాల్లో కట్టాలి" అంటే తప్పకుండా ఆగండి. జీఎస్టీ నంబర్ ఇస్తే జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు, నిమిషం పని. రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి ఇస్తారు, వాళ్లే రద్దు చేస్తే ఎంత ఇస్తారు అన్నది వాట్సాప్‌లో అయినా రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటను తర్వాత రుజువు చేయలేం.

డబ్బు తీసుకుని మాయమైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల నంబర్. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. తీసుకెళ్లి చెప్పిన సదుపాయాలు ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. నిర్వాహకుడు బెంగళూరులోనో మనాలిలోనో ఉన్నాడని వదిలేయనక్కర్లేదు.

"ఏం జరిగినా మాకు సంబంధం లేదు" అనే కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

దాదాపు అందరూ పెట్టించుకుంటారు. చదివి పెట్టండి. సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యం మీద ఫిర్యాదు చేసే దారి మూసుకుపోదు. అయితే ఆ కాగితంలో ప్రమాదాలు ఏమేం ఉండొచ్చో రాసి ఉంటుంది. బస్సెక్కే ముందు హడావుడిగా కాకుండా, రెండు రోజుల ముందే పంపమని అడగండి.

"ఈజీ ట్రెక్" అని రాశారు. నేను రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. నడవగలనా?

ఈజీ అన్న మాటకు కొలత లేదు. ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు ఎక్కాలి, ఎన్ని గంటలు పడుతుంది అని అడగండి. ఆరు కిలోమీటర్లే అన్నా, అందులో ఆరువందల మీటర్లు నిట్టనిలువుగా ఎక్కాలంటే అది కొత్తవాళ్లకు ఈజీ కాదు.

నాలుగు వారాల ముందు మొదలుపెట్టండి. కేబీఆర్ పార్కు చుట్టూ నడవండి, ఆఫీసులో లిఫ్ట్ మానేయండి, ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ బండల మీదికి వెళ్లండి. తీసుకెళ్లే బ్యాగు బరువుతోనే నడవడం అలవాటు చేసుకోండి. వారం ముందు ఒక్కసారిగా జిమ్‌లో చేరి కాళ్లు పట్టేసుకుని వచ్చినవాళ్లను చూశాను, పాపం వాళ్లు ట్రిప్ అంతా కుంటుతూనే ఉన్నారు.

ఎండాకాలం గురించి ఒక మాట. మార్చి దాటాక మన తెలంగాణ బండలు పదింటికే పెనంలా కాలుతాయి. తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికల్లా దిగేలా ప్లాన్ లేకపోతే, ఆ ట్రిప్ వద్దు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు మీ బ్యాగులోనే ఉండాలి. "అక్కడ దొరుకుతాయి" అన్న మాట నమ్మకండి.

వర్షాకాలంలో జలపాతాల ట్రిప్పులు చాలా కనిపిస్తున్నాయి. వెళ్లొచ్చా?

ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చెప్పాలి. మన ప్రాంతంలో సరదాగా వెళ్లినవాళ్లను ఎక్కువగా బలి తీసుకున్నది నీళ్లే.

2014 జూన్ 8 సాయంత్రం. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో మండి దగ్గర బియాస్ నది ఒడ్డున బండల మీద ఫొటోలు దిగుతున్నారు. ఒక్కసారిగా నీళ్లు పెరిగాయి. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వెళ్లిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ నీళ్లు పైన లార్జీ డ్యామ్ నుంచి వదిలినవి. ఒడ్డున నిలబడినవాళ్లకు ఆ సంగతి తెలిసే దారి లేదు. ఆ తర్వాత రోజుల తరబడి మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో దీపం పెట్టలేదో మనందరికీ తెలుసు. డ్యామ్‌కి దిగువన నది మధ్య బండలు ఎంత ప్రశాంతంగా కనిపించినా వాటి మీదికి దిగకూడదు. లీడర్ దిగమన్నా దిగకూడదు.

2023 జులై చివర్లో ములుగు జిల్లాలో ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్లిన దాదాపు 80 మంది, తిరిగొచ్చే దారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు దళం వెళ్లి రాత్రికి రాత్రి బయటికి తెచ్చింది. వెళ్లేటప్పుడు మోకాలి లోతున్న వాగు మూడు గంటల్లో మనిషి లోతు అవుతుంది. పైన కొండల్లో పడిన వాన మనకు కనిపించదు, దాని నీళ్లు మాత్రం మన దగ్గరికే వస్తాయి. అందుకే ఆ రోజు వాతావరణ శాఖ హెచ్చరిక ఏ రంగులో ఉందో ఫోన్‌లో మీరే చూడండి. ఆరెంజ్, రెడ్ ఉంటే డబ్బు పోయినా సరే, ఇంట్లోనే ఉండండి.

వాగు దగ్గర గమనించాల్సినవి: నీళ్ల రంగు తేటగా ఉన్నది బురదగా మారడం, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకురావడం, దూరం నుంచి హోరు పెరగడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎత్తైన చోటికి వెళ్లాలి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే అక్కడే ఉండిపోండి. ఒక రాత్రి ఆకలితో తడిసి కూర్చోవచ్చు. చేతులు గొలుసులా పట్టుకుని దాటితే ఏమీ కాదనుకోవద్దు, ఒకరి కాలు జారితే గొలుసు మొత్తం లాగేస్తుంది.

జలపాతం కింద గుంట లోతు ఎవరికీ తెలియదు. కుంటాల దగ్గర ఎంతమంది ప్రాణాలు పోయాయో ఆదిలాబాద్ వాళ్లను అడగండి, కళ్లనీళ్లు పెట్టుకుని చెప్తారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బెల్టులు బిగించి, ఒడ్డు చేరేదాకా ఉంచుకోండి. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద మీద ఉండగా పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో హైదరాబాద్, వరంగల్ వాళ్లూ ఉన్నారు. వరదలో బోటు తీస్తున్నారంటే, లైసెన్స్ చూపించినా ఎక్కకండి.

అడవిలో అనుమతి అవసరమా? "మాకు తెలిసిన దారి ఉంది" అంటున్నారు.

ఆ మాట విన్న చోటే ఆగిపోండి.

2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెకింగ్‌కి వెళ్లిన గ్రూపులు కార్చిచ్చులో చిక్కుకున్నాయి. చనిపోయినవాళ్లు 20 మందికి పైనే. చెన్నై నుంచి వెళ్లినవాళ్లలో చాలామంది అచ్చం మనలాగే, వారాంతానికి కలిసిన ఐటీ ఉద్యోగులు. ఎండాకాలంలో ఎండిన బోద గడ్డిలో మంట మనిషి పరుగు కంటే వేగంగా కొండ పైకి పాకుతుంది. అటవీ శాఖ దారులు మూసేది మనల్ని సతాయించడానికి కాదు.

మన దగ్గర నల్లమలలో చాలా భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కేసు లీడర్ ఒక్కడి మీదే పెట్టరు, పట్టుబడిన ప్రతి ఒక్కరి మీదా పెట్టొచ్చు. శ్రీశైలం రోడ్డులో రిజర్వ్ లోపల రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలు వదలరు. రాత్రి పదకొండుకి ఆ దారిన తీసుకెళ్తామన్నారంటే, నిర్వాహకుడికి ఆ దారి తెలియదని అర్థం. కర్ణాటకలో ట్రెక్‌లకు అటవీ శాఖ ఆన్‌లైన్ బుకింగ్ ఉంది. మీ పేరు మీద తీసుకున్న టికెట్ చూపించమనండి.

బీపీ, ఆస్తమా, పాత మోకాలి దెబ్బ లాంటివి చెప్తే రావొద్దంటారేమో?

అనొచ్చు. అయినా చెప్పాలి. కొండ మీద మీకు ఆయాసం వచ్చినప్పుడు ఇన్‌హేలర్ బ్యాగులో ఏ జేబులో ఉందో పక్కవాళ్లకు తెలియకపోతే ఎలా? మందులు రెండు చోట్ల పెట్టుకోండి, ఒక సెట్టు మీ జేబులో, ఇంకోటి బ్యాగులో. తేనెటీగ కుడితేనో, వేరుశనగ తింటేనో అలర్జీ వస్తుందా, ఏ మందు పడదు అన్నవి రాసివ్వండి. నెలసరి గురించి లీడర్‌తో చెప్పడానికి ఇబ్బందైతే, టీమ్‌లో ఒక అక్కకైనా చెప్పండి.

తేనెటీగలంటే గుర్తొచ్చింది. కోట గోడల కింద, కొండ చరియల కింద పెద్ద పట్టులు ఉంటాయి. ఘాటైన సెంటు పూసుకుని, పొగ పెట్టి, కేకలు వేసి వాటిని రేపొద్దు. పాము కాటేస్తే కోయడం, గట్టిగా కట్టడం, పసరు మందు, ఇవేవీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చాలి.

హిమాలయాల్లో మొదటి ట్రెక్. హైదరాబాద్ గ్రూప్‌తోనే వెళ్తున్నాం. ముఖ్యంగా ఏం చేయకూడదు?

సెలవులు తక్కువని రోజులు కుదించిన ప్యాకేజీ తీసుకోకూడదు. నా మాటల్లో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు కాస్త పైన ఉంటుంది. పొద్దున ఇక్కడ విమానం ఎక్కి మధ్యాహ్నానికి లేహ్‌లో దిగితే మూడున్నర వేల మీటర్లు. ఒంటికి ఆ తేడా సర్దుకోవడానికి కనీసం రెండు రోజులు కావాలి. మొదటి రోజే బైక్ మీద ఖార్దుంగ్ లా కనుమ ఎక్కించే ప్లాన్ ఎవరు వేసినా, అది ప్రమాదకరమైన ప్లాన్. మూడువేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రోజు కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి ఉండాలి. మీ ప్లాన్‌లో ప్రతి క్యాంపు ఎత్తు రాసుకుని, తీసివేతలు మీరే చేసి చూడండి.

తలనొప్పితో పాటు కడుపులో తిప్పడం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే అది ఎత్తు వల్లే అనుకుని, ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తూలుతూ నడుస్తున్నా, మాట తడబడినా అర్ధరాత్రైనా సరే కిందికి దించాలి. కిందికి దించడానికి బదులుగా పనిచేసే మందు లేదు. ఎత్తు ఇబ్బందికి వాడే డయామాక్స్ లాంటి మాత్రలు డాక్టర్‌ని అడిగి మాత్రమే వాడాలి. లక్షణాలు దాచడానికి కాదు. మన తెలుగువాళ్లలో ఒక అలవాటు చూశాను. "లక్ష రూపాయలు పెట్టుకుని వచ్చా, ఎలాగైనా పైకి ఎక్కాలి" అని తలనొప్పి సంగతి ఎవరికీ చెప్పరు. టెంట్‌లో పక్కన పడుకున్నవాళ్లు గమనిస్తే మొహమాటం లేకుండా లీడర్‌కి చెప్పేయండి. చాడీ అనుకుంటారేమో అని ఆగొద్దు.

చలి గురించి మనకు అనుభవం తక్కువ. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ ట్రెక్‌లో ఎక్కువగా కర్ణాటకవాళ్లే ఉన్న 22 మంది బృందం మంచు తుపానులో చిక్కుకుంది, తొమ్మిది మంది చనిపోయారు. అది డిసెంబర్ కాదు, జూన్. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. లోపల త్వరగా ఆరే బట్ట, మధ్యలో ఫ్లీస్ (ఉన్నిలా వెచ్చగా ఉండే మెత్తటి బట్ట), పైన వాన ఆపే జాకెట్. జీన్స్ ఇంట్లో పెట్టండి. వాతావరణం చెడితే మధ్యాహ్నం ఎన్నింటికి వెనక్కి తిరుగుతారో ముందురాత్రే లీడర్‌ని అడగండి. ఆ గంట దాటాక శిఖరం ఎంత దగ్గరగా ఉన్నా తిరగాల్సిందే.

పారాగ్లైడింగ్, రాఫ్టింగ్, జిప్‌లైన్ ప్యాకేజీలోనే కలిపి ఇస్తున్నారు. చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ప్యాకేజీలో ఉంది కాబట్టి చేయాలన్న రూల్ లేదు. గ్రూప్ నిర్వాహకుడు వేరు, అక్కడ ఎగిరించేవాళ్లు వేరు. పైలట్ లైసెన్స్ చూపించమని మీరే అడగాలి. 2024 ఫిబ్రవరిలో కులు దగ్గర డోభీలో పారాగ్లైడింగ్ చేస్తూ తెలంగాణ యువతి ఒకరు పడి చనిపోయారు. సేఫ్టీ బెల్టు సరిగా చూడలేదని పైలట్ మీద కేసు పెట్టారు. కాళ్ల పట్టీలు, నడుము పట్టీ, ఛాతీ పట్టీ బిగించాక మీ చేత్తో లాగి చూడండి. వెనక క్యూలో ఉన్నవాళ్లు తొందరపెడితే పెట్టనివ్వండి.

హిమాచల్‌లో జులై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పారాగ్లైడింగ్, రాఫ్టింగ్ నిషేధం. ఆ రోజుల్లో ఎవరైనా చేయిస్తామంటే, దొంగచాటుగా చేయిస్తున్నట్టే.

అమ్మాయిని, ఒక్కదాన్నే వెళ్తున్నా. ఏం చూసుకోవాలి?

టీమ్‌లో ఆడ లీడర్ ఉన్నారా, టెంట్లు విడిగా ఇస్తారా, టాయిలెట్ ఏర్పాటు ఏమిటి అని ముందే అడగండి. అడగడానికి సిగ్గు పడాల్సిన పని లేదు, జవాబు చెప్పడానికి వాళ్లు సిగ్గుపడకూడదు. "సర్దుకుపోదాం" అని టెంట్‌లో తెలియని మగవాళ్లతో కలిపి పెట్టబోతే ఒప్పుకోకండి. ఇలా అడిగిన ఒక చెల్లెలిని "ఓవర్ చేస్తోంది" అని గ్రూప్‌లో వెక్కిరించడం చూశాను. ఆ రోజు ఇంకో ఇద్దరు అమ్మాయిలు ఆమె పక్కన నిలబడ్డాక ఏర్పాటు మారింది. మీరు మగవాళ్లైతే, ఆ పక్కన నిలబడే మనిషి మీరు అవ్వండి.

ఇంటి అడ్రస్, ఆఫీసు వివరాలు మొదటి రాత్రే అందరికీ చెప్పనక్కర్లేదు. ట్రిప్ అయ్యాక వాట్సాప్ గ్రూప్‌లోని నంబర్ తీసుకుని ఎవరైనా విసిగిస్తే నిర్వాహకులకు చెప్పండి, ఆగకపోతే షీ టీమ్స్‌కి ఫిర్యాదు చేయండి. అత్యవసరమైతే 112, మహిళల హెల్ప్‌లైన్ 181.

మందు తాగే గ్రూప్ అయితే?

నడిచే రోజు, నీళ్ల దగ్గర, ఎత్తు మీద మద్యం వద్దు. ఈ మూడు చోట్లా ఎవరికీ మినహాయింపు లేదు. క్యాంప్‌ఫైర్ దగ్గర గ్లాసు చేతికిచ్చి "ఒక్కటే అన్నా" అంటే వద్దని చెప్పి వెళ్లి పడుకోండి. లీడరే తాగి ఉంటే, ఆ గ్రూప్‌తో మళ్లీ వెళ్లొద్దు.

రాత్రంతా బండిలో ప్రయాణం. దాని గురించి ఏమైనా చూడాలా?

చాలామంది కొండ గురించి భయపడి రోడ్డు సంగతి మర్చిపోతారు. పసుపు నంబర్ ప్లేట్ ఉన్న బండే ఎక్కండి. నంబర్ ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తుంది. శుక్రవారం రాత్రంతా నడిపిన డ్రైవరే ఆదివారం రాత్రి కూడా నడుపుతాడా, శనివారం ఆయన ఎక్కడ పడుకుంటాడు అని అడగండి. ఆయనకు భోజనం పెట్టి, మంచం చూపించే నిర్వాహకుడు మంచివాడు. మారేడుమిల్లి, పాడేరు ఘాట్ రోడ్లలో తెల్లవారుజామున మంచు కమ్మితే దారి కనిపించదు. "సూర్యోదయానికి వంజంగి కొండ చేరాలి" అని డ్రైవర్‌ని తొందరపెట్టేవాళ్లలో మీరు ఉండకండి. సూర్యుడు రేపు కూడా వస్తాడు.

సామానులో ఏం తప్పులు జరుగుతాయి?

ట్రిప్ ముందురోజు కొన్న కొత్త బూట్లు. రెండు వారాలు తొడుక్కుని తిరిగాకే తీసుకెళ్లండి. ఫోన్ టార్చ్ సరిపోతుందనుకోవడం. తలకు కట్టుకునే లైటు ఐదారు వందలకు వస్తుంది. అంతే.

గ్రూప్‌లో ఇతరులకు ఇబ్బంది కలగకుండా ఎలా ఉండాలి?

పికప్‌కి ఆలస్యంగా రావొద్దు. చెప్పకుండా దారి మళ్లి ఫొటోలకు వెళ్లొద్దు. స్పీకర్‌లో పాటలు పెట్టొద్దు. అందరూ నెమ్మదిగా నడిచే మనిషి వేగానికి తగ్గాలి. అడగకుండా ఎవరి వీడియో తీసి పెట్టొద్దు. గిరిజన గూడేల్లో పిల్లలను వరుసగా నిలబెట్టి చాక్లెట్లు పంచి ఫొటోలు తీయడం చూస్తే నాకు బాధేస్తుంది, ఆ పిల్లలు మన ట్రిప్‌లో చూసే వస్తువులు కాదు. తీసుకెళ్లిన ప్లాస్టిక్ అంతా మీ బ్యాగులోనే వెనక్కి రావాలి.

ఇన్సూరెన్స్ ఉంది అన్నారు. చాలా?

పాలసీ కాగితం అడిగి చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి సాహస క్రీడలు వర్తించవు, కొన్నింటికి ఎత్తు పరిమితి ఉంటుంది. మంచు కొండల్లో అయితే రక్షించి తెచ్చే ఖర్చు అందులో ఉందో లేదో చూడండి.

మధ్యలో వెనక్కి తిరగాలనిపిస్తే ఏం చేయాలి?

చెప్పేయండి. ఒక్కరే దిగిపోకండి, లీడర్‌కి చెప్పి ఒకరిని తోడు ఇవ్వమనండి. తోడు పంపడానికి మనిషి లేకుండా గ్రూప్‌ని తీసుకొచ్చారంటే అది వాళ్ల తప్పు.

ఒకసారి ఆగస్టులో, నల్లమల అంచున ఒక వాగు దగ్గర పద్దెనిమిది మంది నిలబడ్డాం. లీడర్ దాటడానికి తాడు కడుతున్నాడు. నాకు అనుమానంగా ఉంది, కానీ అందరికంటే పాతవాణ్ణి నేనే భయపడితే ఎలా అని ఊరుకున్నాను. అప్పుడు మొదటిసారి వచ్చిన ఒక పెద్దావిడ, యాభై ఏళ్లు ఉంటాయి, "బాబూ, నాకు భయంగా ఉంది, నేను దాటను" అంది. ఎవరూ నవ్వలేదు. నిమిషం తర్వాత ఇంకో కుర్రాడు "నేనూ దాటను ఆంటీ" అన్నాడు. అప్పుడు నేను నోరు విప్పాను. మొత్తం గ్రూప్ వెనక్కి తిరిగింది. గంట తర్వాత రోడ్డు దగ్గర హోటల్లో ఇడ్లీ తింటుంటే, వాగు రోడ్డు మీదికి వచ్చిందని లారీ డ్రైవర్లు చెప్పుకుంటున్నారు. ఆవిడ పళ్లెంలోంచి తలెత్తకుండా తింటూనే ఉంది. ఆ రోజు నుంచి ప్రతి ట్రిప్ మొదట్లో నేను అందరి ముందూ అడుగుతాను: "ఎవరైనా వద్దంటే ఆగుదామా?" ముందే అందరూ సరే అంటే, తర్వాత ఆ మాట అనడం తేలికవుతుంది. మీ లీడర్ అడగకపోతే మీరే అడగండి.

ఇంట్లో ఏం చెప్పి వెళ్లాలి?

ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి: లీడర్ పేరు, నంబర్, బండి నంబర్, ఏ ఊరి మీదుగా వెళ్తున్నారు, సిగ్నల్ ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉండదు, ఆదివారం రాత్రి ఎన్నింటి దాకా ఎదురుచూసి ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి. మీ బ్లడ్ గ్రూప్, వాడే మందులు కూడా రాయండి. అదే కాగితం నకలు ఒకటి మీ బ్యాగు పై జేబులో పెట్టుకోండి. బండెక్కాక, పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు అది ఎక్కడుందో చూపించండి. పరిచయానికి అదే మొదటి మాట అవుతుంది.